కట్టె తర్వాత నా వంతు

కరీంనగర్‌లో మా ఇంటి పక్కన లేత్ మిషన్ల షాపు ఉంది. ఏటా దసరా నాడు పొద్దున్నే దాని యజమాని మిషన్లన్నీ కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఇనుప బల్ల మీదనే కొబ్బరికాయ కొడతాడు. కొబ్బరినీళ్లు పసుపునూ మిషన్ నూనెనూ కలుపుకొని సందుల్లోకి దిగుతాయి. ఆ మూడూ కలిసిన వాసన ఒకటి ఉంటుంది. అందరూ దాన్ని పండుగ వాసన అంటారు. నా ముక్కుకు తగిలిందా, అరుగు మీద కూర్చున్నవాణ్ణి లేచి నిలబడతాను. ఎవరో వెనకనుంచి నన్నే చూస్తున్నట్టు, నా జేబులో తాళంచెవి ఉందా లేదా అని ఆరా తీస్తున్నట్టు అనిపిస్తుంది. అట్లా చూసిన మనిషి పేరు దేవదానం. ఆయన పోయి చాలా కాలమైంది, ఆ చూపు మాత్రం పోలేదు.

హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నేను అటవీ శాఖలో గుమాస్తాను. మాది మంథని. గోదావరి దాటించి ఆదిలాబాద్ అడవిలో ఒక రేంజి ఆఫీసుకు వేశారు. ఆ ఊరి పేరు చెప్పను, ఆనాటివాళ్ల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేని కాలమది. ఉర్దూ ఫైళ్లు మూటగట్టి అటక మీద పడేసి ఇంగ్లీషు ఫైళ్లు తెరిచారు. పైన కోస్తా అధికారులు వచ్చి కూర్చున్నారు. వాళ్లకు మేమంటే అనుమానం, మాకు వాళ్లంటే అనుమానం. పోలీసు చర్య నాటి తుపాకులు ఇంకా ఎవరి దొడ్లోనో పాతిపెట్టి ఉన్నాయని ఊరంతా గుసగుస. తుపాకి అన్న మాట వినబడితే చాలు, మాట్లాడేవాళ్లు గొంతు తగ్గించేవారు.

మా రేంజరు దేవదానం సారు ఆ జిల్లావాడే. మిషన్ బడిలో చదువుకున్నవాడు, ఆదివారం టోపీ చంకలో పెట్టుకొని చర్చికి పోయేవాడు. సన్నటి మనిషి, ఒక కన్ను చిన్నగా చేసి చూసే అలవాటు. చాయ్ ఇస్తే ముందు వాసన చూసేవాడు. కలప కొలత నేను చెబితే తాను మళ్లీ టేపు పట్టేవాడు, తాను కొలిచింది నాతో మళ్లీ కొలిపించేవాడు. నమస్తే పెడితే, ఇవాళ ఎందుకు పెట్టినట్టు అని చూసేవాడు. చేరిన కొద్దిరోజులకే ఆయనంటే నాకు ఒళ్లుమంట. ఇంటికి పోయి మా ఆవిడ సత్తెమ్మతో, ఈ మనిషి తన నీడను కూడా సంతకం పెట్టించుకోనిదే గడప దాటనియ్యడు అని తిట్టుకునేవాణ్ణి.

ఆ ఏడు వానలకు ముందు ఆఫీసుకు కొత్త రైఫిల్ వచ్చింది. విదేశీ సరుకు, ఫ్యాక్టరీ పెట్టెలోనే వచ్చింది. గొట్టం కూర్చునే కట్టె అక్రోట్‌ది, దాని మీద ముఖం చూసుకోవచ్చు అన్నంత వార్నిష్. నిజాం కాలపు పాత తుపాకిని మోసి మోసి విసిగిన జవాన్లు దాన్ని కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు. దేవదానం సారు ఒక్కడే మురవలేదు. పైన ఇంత మెరుగు పెట్టారంటే లోపల ఏమి దాచారో అన్నాడు. విప్పి చూడాలని చేతులు గుంజాయి కానీ, కొత్తదాన్ని విప్పొద్దని పైనుంచి ఆర్డరు. ఇసుక సంచి మీద ఆనించి కాల్చి చూశాడు. తూటాలు బుద్ధిగా ఒకచోటనే పడ్డాయి. పెట్టెలో పెట్టి, తాళం వేసి, చెవి నా చేతికి ఇచ్చారు. అప్పటికి అదొక గౌరవం అనుకున్నాను.

మా జవాన్లలో పెద్ద లచ్చన్న. ఆయుధపూజ ఆయన హక్కు, అందులో వేలు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కొత్త తుపాకికి తొలి దసరా అని ఆయన ఆ ఏడు మరీ ముచ్చటపడ్డాడు. గొట్టానికీ కట్టెకూ తడిపసుపు దట్టంగా పూసి, బొట్లు పెట్టి, దాని మీదనే కొబ్బరికాయ కొట్టి, నీళ్లు కారుతుండగానే కొత్త గుడ్డ చుట్టి పెట్టెలో పడుకోబెట్టాడు. తాళం నేనే వేశాను. దేవదానం సారు ఆ రోజు లేడు. పూజలో నిలబడితే చర్చివాళ్లకు అనుమానం, నిలబడకపోతే మాకు అనుమానం, కాబట్టి ఏటా దసరాకు ఆయనకు సొంతూళ్లో ఏదో పని పడేది.

దసరా దాటిన కొన్నాళ్లకు ఒక పులి గూడేల పశువుల మీద పడింది. దాన్ని తానే కొడతానని జిల్లానుంచి పెద్దసారు దిగాడు. దారి చూపడానికి దగ్గరి గూడెం మనిషి జంగు వచ్చాడు. ఆ అడవిలో అడుగుజాడ చూసి జంతువును చెప్పగల గోండు ఆయన. సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే పులి వచ్చింది, పెద్దసారు మంచె మీదనుంచి మా కొత్త రైఫిల్‌తో దాని భుజానికి గురిపెట్టి కాల్చాడు. తూటా వెనక తొడకు తగిలింది. తెల్లారి రక్తం మరకలు పట్టుకొని పోతుంటే, ముందు నడుస్తున్న జంగు మీదికి పొదలోంచి దూకింది. జవాన్ల కేకలకు వదిలి పోయింది కానీ జంగు కుడిచెయ్యి మళ్లీ పైకి లేవలేదు. పులి తర్వాత వాగు ఒడ్డున చచ్చి కనబడింది.

పెద్దసారు ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు, తన గురి ఏనాడూ తప్పలేదని, రైఫిల్‌ను ఎవరో పాడుచేశారని. ఆ తర్వాత అడగవలసింది అడిగాడు. "తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" అందరూ నా వైపు తిరిగారు. మా బామ్మర్ది జన్నారంలో కలప గుత్తేదారు దగ్గర లెక్కలు రాసే మునిషి. వాడికి దుప్పిమాంసం మీద ఎంత మోజో అందరికీ తెలుసు. ఇక కథ అల్లుకోవడానికి ఎంతసేపు? నేను రైఫిల్‌ను దొంగచాటుగా బామ్మర్దికి ఇచ్చాను, వాడు వేటలో బండ మీద పడేశాడు, గురి చెడింది, జంగు చెయ్యి పోయింది. సాయంత్రానికి ఊరంతా కళ్లారా చూసినట్టు చెప్పుకున్నారు. రేంజరు విచారించి రిపోర్టు పంపాలని, తప్పు తేలితే నా ఉద్యోగం ఊడి కేసు అవుతుందని పెద్దసారు చెప్పి జీపు ఎక్కాడు.

ఇంటికి పోతే సత్తెమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే అడిగింది. "నాకు నిజం చెప్పు. మా తమ్ముడు అడిగితే ఇచ్చినవా?" ఊరు అనుమానించింది, పై అధికారి అనుమానించాడు, అదంతా ఒక ఎత్తు. కట్టుకున్నది అడగడం ఒక ఎత్తు. ఇయ్యలేదు అన్నాను. తలూపింది కానీ నా ముఖాన్ని ఇంకా చూస్తూనే ఉంది. చెయ్యి కడుక్కొని లేచిపోయాను. మర్నాడు జంగును చూడటానికి గూడెం పోతే, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

దేవదానం సారు నన్ను పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. ఈయనైనా భుజం తడతాడేమోనని లోపల ఒక ఆశ. ఆయన ఒక కన్ను చిన్నగా చేసి, "శంకరయ్యా, నేను నిన్ను గూడ అనుమానిస్తున్న. ముందుగాలనే చెప్తున్న" అన్నాడు. "గని నీ వంతు ఆఖర్ల. ముందు పెద్దసారు చెయ్యి. దానెనక తూటాలు, మక్కీ, గొట్టం మూతి, మరలు, కట్టె. గవన్ని అయినంక నువ్వు." గొట్టం కొసన గురి చూసే చిన్న ముక్కను మా వాళ్లు మక్కీ అనేవారు. ఒక మనిషిని మరలతోనూ కట్టెతోనూ కలిపి వరసలో నిలబెట్టినందుకు నాకు పిచ్చికోపం వచ్చింది. అయినా చేసేదేముంది, వరసలో నిలబడ్డాను.

ఆఫీసు వెనక ఎండిన చెరువుకట్టకు సున్నం కొట్టిన పలక ఆనించి, బొగ్గుతో గుండ్రంగా గీశాడు. వాగు ఇసుక నింపిన గోనెసంచుల మీద రైఫిల్ ఆనించి, ఊపిరి బిగబట్టి కాల్చాడు. తూటాలు ఎడమకు, పైకి పోయాయి. గొట్టం వేడెక్కినకొద్దీ ఇంకా ఎడమకు జరిగాయి. తన చేతిని కూడా నమ్మక లచ్చన్నతో కాల్పించాడు, అవీ అటే పోయాయి. పెద్దసారు చెయ్యి అనుమానంలోంచి బయటపడింది. సీలు విప్పని కొత్త తూటాల డబ్బీ తెప్పించి కాల్చాడు. అదే తీరు. తూటాలు బయటపడ్డాయి. ఆయన ఒక్కొక్కదాన్నీ నిర్దోషి అని వదిలేస్తుంటే నాకు గుండెలో రాయి పడుతున్నది. వరస కురచవుతున్నది కదా, దాని కొసన ఉన్నది నేను.

మక్కీని భూతద్దంతో చూశాడు. బండకు తగిలితే ఉండవలసిన నొక్కు లేదు, గీత లేదు. నేను ఆశగా చూస్తే, నొక్కు లేకుండా కూడా పడొచ్చు అన్నాడు. గొట్టం మూతిని చూశాడు, శుభ్రంగా ఉంది. మరలు కొంచెం వదులయ్యాయి, బిగించి కాల్చాడు. తూటాలు కాస్త దగ్గరికి వచ్చాయి కానీ ఎడమకే పడ్డాయి. ఇక మిగిలింది కట్టె, దాని తర్వాత నేను.

మర్నాడు ఆయన ఆఫీసు కాగితం సన్నగా చింపి, గొట్టానికీ కట్టెకూ మధ్య సందులో ముందునుంచి వెనక్కి లాగుకుంటూ పోయాడు. సగం దూరం హాయిగా పోయింది, ఒకచోట ఆగింది. అటు లాగాడు, ఇటు లాగాడు, చినిగింది. మీ ఇంట్ల కాటుక ఉన్నదా అని అడిగాడు. సత్తెమ్మ ఇంట్లోనే దీపం మీద పట్టి చేసుకునేది. భరిణె ఇస్తూ, తుపాకికి కాటుకేంది అని ఆమె నన్ను ఇంకో అనుమానంతో చూసింది. విప్పొద్దన్న ఆర్డరును విచారణ పేరుతో పక్కనపెట్టి, సారు మరలు విప్పి, గొట్టం అడుగునా పక్కలా కాటుక పలుచగా పూసి, మళ్లీ కట్టెలో బిగించి, మళ్లీ విప్పాడు. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ కట్టెకు నలుపు అంటుతుంది. ఎడమపక్క తెల్లగానే ఉంది. కుడిపక్కే నల్లటి మచ్చ, దాని కింద గట్టిపడిన పసుపు ముద్ద. కట్టె అక్కడ నీళ్లు తాగి ఉబ్బి గొట్టాన్ని ఎడమకు నెడుతున్నది. పైన అద్దంలాంటి వార్నిష్ ఉన్న ఆ కట్టె లోపల రంగూ నూనే ఏమీ లేని వట్టి కట్టె.

ఉబ్బినచోట గోకి, పసుపు తీసి, ఎండలో ఆరబెట్టి, బిగించి కాల్చాడు. తూటాలు మధ్యలో కూర్చున్నాయి. ఆ పలకను చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. సారూ, ఇప్పుడే రిపోర్టు రాయండి, పూజనీళ్లకు తుపాకి చెడిందని రాస్తే నేను బతికిపోతాను అని రెండు చేతులు పట్టుకున్నాను. ఆయన చేతులు విడిపించుకొని పలక వైపే చూస్తూ నిలబడ్డాడు. "గిది నా మనసుకు బాగ నచ్చింది, శంకరయ్యా" అన్నాడు. "పూజతోటి చెడిందంటే నాకు నచ్చదా మరి? నేను చర్చికి వోయెటోన్ని. గందుకే నమ్ముతలేను." నాకు నెత్తి పగలగొట్టుకోవాలనిపించింది. జైలు తలుపు ముందు నిలబెట్టి, నేను కాదని తేలాక కూడా వదలని మనిషిని ఏమనాలి?

ఆయన లచ్చన్నను పిలిచి, దసరా నాడు ఏమేమి చేశావో అదంతా మళ్లీ చెయ్యమన్నాడు. పండుగ గాని నాడు పూజ ఏమిటని లచ్చన్న మొండికేశాడు. ఈ కిరస్తానం సారు తన పూజ మీద ఏదో ఎత్తు వేస్తున్నాడని ఆయన అనుమానం. చివరికి గొణుక్కుంటూనే చేశాడు, అదే పసుపు, అదే కొబ్బరికాయ, అదే గుడ్డ. పెట్టెలో పెట్టి కొన్ని రోజులు ఆగాం. దేవదానం పూజలు చేయిస్తున్నాడని చర్చిలో తెలిసి పెద్దమనుషులు ఆయన్ను నిలదీశారట. ఊళ్లోవాళ్లు మాత్రం, గుమాస్తాను కాపాడటానికి ఇద్దరూ కలిసి ఏదో మంత్రం వేయిస్తున్నారన్నారు. పెట్టె తెరిచి కాల్చేదాకా నేను అన్నం తిన్నానా అంటే తిన్నాను, రుచి తెలియలేదు. తూటాలు మళ్లీ ఎడమకు పోయాయి.

అప్పుడైనా రాస్తాడనుకున్నాను. రాయలేదు. కట్టెను మళ్లీ ఆరబెట్టి, లోపలంతా అవిసె నూనె పట్టించి, అది ఇంకి ఆరాక తేనెమైనం కరిగించి రాశాడు. గొట్టానికీ కట్టెకూ మధ్య కాగితం ఆగకుండా కొసదాకా పోయేటట్టు చేశాడు. "లచ్చన్నా, మల్లొకసారి" అన్నాడు. లచ్చన్న ఈసారి కోపంతో రెండు కాయలు కొట్టాడు. నీళ్లు ధారగా కారాయి. అన్ని రోజులే ఆగి, పెట్టె తెరిచి కాల్చేసరికి తూటాలు మధ్యలో, మొదట ఫ్యాక్టరీనుంచి వచ్చినప్పటికంటే దగ్గరగా పడ్డాయి. లచ్చన్న పలక దగ్గరికి పోయి, వేలితో రంధ్రాలు తడిమి, మీసం దువ్వుకున్నాడు. నా పూజకు ఏం గాలే అని ఆ రోజంతా చెప్పుకు తిరిగాడు. అది నిజం. తప్పు పూజది కాదు, లోపల నూనె పెట్టకుండా పైన మెరుగుపెట్టి అమ్మినవాడిది. సారు నా మాట విని ముందే రాసి ఉంటే, ఆ తప్పు లచ్చన్న నెత్తిన పడేది.

ఆ సంగతంతా రిపోర్టులో పైకి పోయింది. పెద్దసారు జవాబు రాయలేదు, కానీ నా మీద ఇంకేమీ రాలేదు. తన గురి తప్పలేదని తేలింది కనుక ఆయనకు అది చాలు. సారు నన్ను వెంటబెట్టుకొని జంగు ఇంటికి పోయి, కాటుక దగ్గరనుంచి అన్నీ చెప్పాడు. జంగు ఎడమచేత్తో బీడీ పట్టుకొని చివరిదాకా విన్నాడు. "తుపాకే చేసింది గావచ్చు" అన్నాడు. "తాళం గూడ నీ దగ్గెరనే ఉండె గద." ఆయనకు పోయింది చెయ్యి, నాకు పోయినది కొద్దిరోజుల నిద్ర.

గూడెంనుంచి తిరిగి వస్తుంటే నాలో పేరుకున్నదంతా బయటికొచ్చింది. ఇన్ని రోజులు నా పక్కన కూర్చొని, నా చాయ్ తాగి, నిజంగానే నన్ను దొంగ అనుకున్నారా అని అడిగేశాను. సారు అని కూడా అనలేదు. ఆయన ఆగాడు. నన్ను ఎప్పుడూ చూసినట్టు ఒక కన్ను చిన్నగా చేయలేదు, రెండు కళ్లతో చూశాడు. "నువ్వు చెయ్యలేదని నమ్మాలని నా మనసుకు బాగ ఉండె" అన్నాడు. "గందుకే నమ్మలే. గందుకే నిన్ను ఆఖర్ల వెట్టిన." అని గబగబా ముందుకు నడిచాడు. ఆ తర్వాత ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. మర్నాడు నేను పెట్టిన నమస్తేను మళ్లీ అనుమానంగానే చూశాడు.

ఆ మాటను ఇంటికి తెచ్చి సత్తెమ్మకు చెప్పాను. ఎంత పిచ్చిమనిషో చూడు అన్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతున్నది, తలెత్తలేదు. "నేనడిగింది గూడ గందుకే గద" అంది. "ఇయ్యలేదు అన్న మాట వినాలని ఎంతగనం ఉండెనో నీకేం ఎరుక." అన్ని రోజులుగా ఆమె మీద నేను మోస్తున్న కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక అక్కడే నిలబడ్డాను. నన్ను ప్రేమించినవాళ్లే నన్ను నమ్మడానికి అంత భయపడ్డారన్నది ఆ ఇద్దరినుంచే నేర్చుకున్నాను. దేవదానం సారు పోయినప్పుడు ఆమె నాకంటే ఎక్కువ ఏడ్చింది.

ఈ ఏడు దసరా తర్వాత లేత్ షాపు యజమాని నా అరుగు మీదికి వచ్చి మొత్తుకున్నాడు. పండుగ దాటాక మిషన్ కోసినవన్నీ వంకరగా వస్తున్నాయట, పనివాడు తాగి పాడుచేసి ఉంటాడట, వాణ్ణి పంపించేస్తాడట. కొబ్బరినీళ్లు అన్న మాట నా నాలుక కొసదాకా వచ్చింది. చెబితే నాకెంత గొప్ప, ఎంత తృప్తి. ఆ మాట నాకు మరీ బాగా నచ్చింది. అందుకని మింగేశాను. పనివాడి వంతు ఆఖరున పెట్టు, ముందు మరలు బిగించి చూద్దాం పద అని చెప్పి, చెప్పులు వేసుకున్నాను.